లిమిటింగ్ రీయేజెంట్: "గుణకంతో భాగించు, చిన్నది పట్టుకో" అని పిల్లలకు నేర్పొచ్చా?

ఇంటర్_అమ్మ:
మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. 28 గ్రాముల నైట్రోజన్, 4 గ్రాముల హైడ్రోజన్ కలిపితే అమ్మోనియా ఎంత వస్తుందన్న లెక్కలో నైట్రోజన్ లిమిటింగ్ (ముందు అయిపోయి చర్యను ఆపేది) అని రాశాడు. నైట్రోజన్ 1 మోల్ (అణువుల లెక్కకు వాడే కొలత), హైడ్రోజన్ 2 మోల్స్, ఒకటే కదా చిన్నది అంటాడు. మోల్స్‌ని సమీకరణంలోని గుణకంతో (పదార్థం ముందుండే అంకెతో) భాగించి చిన్నది పట్టుకోమని కాలేజీలో చెప్పారట. భాగించడం మరిచిపోయాడు, చిన్నది మాత్రం పట్టుకున్నాడు. ఇలా నేర్పడం మంచిదేనా?

పాత_లెక్చరర్:
మంచిది కాదమ్మా. ఒక నైట్రోజన్‌కి మూడు హైడ్రోజన్‌లు కావాలి. 1 మోల్ నైట్రోజన్ అంతా ఖర్చవ్వాలంటే 3 మోల్స్ హైడ్రోజన్ ఉండాలి. ఉన్నది 2. హైడ్రోజనే ముందు అయిపోతుంది. "ఎంత కావాలి, ఎంత ఉంది" అని అడగడం నేర్పాలి.

ఎంసెట్_2016:
160 ప్రశ్నలు, 180 నిమిషాలు సార్. 1/1 అంటే 1, 2/3 అంటే 0.67. హైడ్రోజన్. పది సెకన్లు.

చిన్ని:
ఎంసెట్ గారి మాటే కరెక్టు.

పాత_లెక్చరర్:
ఆ 0.67 ఏమిటో చెప్పండి.

ఎంసెట్_2016:
చిన్న అంకె. జవాబు వచ్చింది కదా?

పాత_లెక్చరర్:
నేను అడిగింది అది కాదు. 0.67 ఏమిటి?

గుంటూరు_నాన్న:
ముందు సమీకరణం తుల్యం చేయాలిగా! మా పాప అక్కడే ఆగిపోతోంది.

ఎంసెట్_2016:
మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. నేను పది దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో రీయేజెంట్ అన్న మాట వింటేనే టెన్షన్. ఒక సార్ బోర్డు మీద ఆ ఒక్క లైను రాశారు, నాకు మొదటిసారి లెక్క వచ్చింది. దాన్ని తప్పంటే కడుపు మండుతుంది.

పాత_లెక్చరర్:
నా బాధ కూడా వినండి బాబూ. ఈ పాఠానికి పిల్లల్ని ల్యాబ్‌కి తీసుకెళ్లేవాడిని. చిన్న బీకరులో 15 మిల్లీలీటర్ల 1 మోలార్ (లీటరుకు 1 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో 0.24 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్. బుసబుసా పొంగుతుంది. కాసేపటికి బుడగలు ఆగిపోతాయి, రిబ్బన్ తునక ఇంకా మిగిలే ఉంటుంది. మోల్స్ చూస్తే మెగ్నీషియం 0.01, ఆమ్లం 0.015. తక్కువున్నది మెగ్నీషియమే, అయిపోయింది మాత్రం ఆమ్లం. ఒకదానికి రెండు కావాలి మరి. సిలబస్ వెనకబడిందని ఆ ఏడాదే నన్ను తీసేశారు.

ఫార్మా_ప్లాంట్:
ఇద్దరూ చెప్పేది ఒకే లెక్క. సమీకరణంలో రాసిన చర్య ఎన్ని మోల్స్ మేర జరుగుతుందో అదే 0.67. అమ్మోనియా గుణకం 2తో గుణిస్తే 1.33 మోల్స్, చర్య పూర్తిగా జరిగితే దాదాపు 22.7 గ్రాములు. నైట్రోజన్ 9.3 గ్రాములు మిగులుతుంది. మొత్తం 32, సరిపోయింది. మా బ్యాచ్‌లలో కూడా మామూలుగా ఖరీదైనదాన్ని లిమిటింగ్‌గా ఉంచి, చవకదాన్ని కాస్త ఎక్కువ వేస్తాం.

ఎంసెట్_2016:
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. "ఎంత మిగిలింది" అని అడిగిన ప్రతి ప్రశ్నా వదిలేసేవాడిని.

పాత_లెక్చరర్:
నా గొడవంతా అదే. ఆ లైను ఇవ్వండి, వద్దనను. దాంతోపాటు 0.67 ఏమిటో చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఇవ్వనివాళ్ల మీదే నా కోపం.

ఎంసెట్_2016:
ఆ రెండు నిమిషాలు దొరికే క్లాసులో నేను కూర్చోలేదు సార్. ఆ లైను కూడా లేకపోతే నా చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఇంటర్_అమ్మ:
ఇవన్నీ మా అబ్బాయికి చదివి వినిపించాను. మళ్లీ లెక్క వేస్తున్నాడు. నైట్రోజన్ 18.7 గ్రాములు వచ్చిందంటున్నాడు. అది ఖర్చయిందా, మిగిలిందా?