నైవ్స్ అవుట్ (2019 సినిమా): మందులు మార్చినా వాటివల్ల హార్లన్‌కి ఏమీ కాలేదెందుకు?

ప్రశ్న: రాన్సమ్ తన తాత, సంపన్న రచయిత హార్లన్‌కి ఇచ్చే రెండు సీసాల్లోని మందులూ తారుమారు చేశాడు కదా, మరి మార్ఫిన్ మోతాదు ఎందుకు మించలేదు? (చివరి మలుపు గురించే అడుగుతున్నా, చూడనివాళ్లు చదవకండి.)

జవాబు: మార్చింది లోపలి మందునండీ, లేబుళ్లను కాదు. ఇవ్వాల్సింది కెటోరోలాక్ (నొప్పి తగ్గించే మందు) 100 మి.గ్రా., మార్ఫిన్ 3 మి.గ్రా. హార్లన్ నర్సు మార్తా లేబుల్ చదవలేదు. రంగులో, చిక్కదనంలో ఉన్న చిన్న తేడాను బట్టి, చేతి అలవాటుతో సరైన మందే ఎక్కించింది. తర్వాత లేబుల్ చూసి, మార్ఫినే 100 మి.గ్రా. ఎక్కించాననుకుని హడలిపోయింది. విరుగుడు నాలోక్సోన్‌ని రాన్సమ్ ముందే మాయం చేశాడు. మోతాదు మించిందని నమ్మి, మార్తాను కాపాడాలని హార్లన్ గొంతు కోసుకోకపోతే బతికేవాడే!

ప్రశ్న అడిగినవారు: సరే, కానీ రాన్సమ్ డిటెక్టివ్‌ని పిలిపించడమెందుకు? ఆత్మహత్యేనని పోలీసులు తేల్చారుగా.

జవాబు: ఆత్మహత్య అయితే వీలునామా ప్రకారం ఆస్తంతా మార్తాదే. హంతకురాలని రుజువైతేనే ఆమెకు దక్కదు. లాయరు ఈ నియమాన్ని క్లుప్తంగా చెప్తాడు, అది వినకపోతే పథకం అర్థం కాదు. మన హిందూ వారసత్వ చట్టం (1956) 25వ సెక్షన్‌ కూడా హంతకుడికి వారసత్వం లేదనే అంటుంది.

ఇంకో జవాబు: రక్తపరీక్ష రిపోర్టూ చూడండి. అది మామూలుగా ఉంటే మార్తా నిర్దోషి. ఆ రిపోర్టున్న వైద్య పరీక్షల ఆఫీసును రాన్సమ్ తగలబెట్టింది అందుకే.