పెనం మధ్యలో నూనె పొర తెగడం: నా లెక్క ఎక్కడ తప్పింది?

నమస్కారం అండి. 24 సెంటీమీటర్ల స్టీలు పెనంలో 5 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనె సమంగా పరిచి, చిన్న మంట మీద పెట్టాను. పొర మందం లెక్కిస్తే 0.11 మి.మీ. కాసేపటికి నడిమధ్యన ఆవగింజంత పొడి మచ్చ తేలింది. చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది. నూనంతా అంచున గట్టులా పేరుకుంది.

కారణం వరకు అర్థమైంది. వేడి చోట తలతన్యత (ద్రవం పైపొరలో ఉండే బిగువు) తగ్గుతుంది, చల్లటి అంచు దగ్గర ఎక్కువుంటుంది, అందుకే పైపొర అటు లాగబడుతుంది. దీన్నే మరంగోనీ ప్రవాహం అంటారు. గురుత్వం నూనెను వెనక్కి నింపబోతుంది గానీ, పల్చటి పొరలో దాని బలం చాలదు.

చిక్కల్లా ఇక్కడే. తలతన్యత డిగ్రీకి 0.07 మిల్లీన్యూటన్/మీటరు తగ్గుతుందనీ, మధ్యకూ అంచుకూ తేడా 50 డిగ్రీలనీ అనుకుని రెండు బలాలనూ సమం చేస్తే, దాదాపు 1 మి.మీ. కంటే పల్చటి పొర ఏదైనా తెగాలి. కానీ 30 మి.లీ. పోస్తే, అంటే 0.66 మి.మీ. పొరలో, గుంట పడిందే తప్ప తెగలేదు. మూడుసార్లూ అంతే.

నూనె ఎక్కువైతే పైతలం మీద ఉష్ణోగ్రత తేడా తగ్గిపోతుందా? మెరిసే స్టీలు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తప్పు చూపిస్తుందంటారు, మరి పైతలం వేడి ఎలా కొలవాలి? వేడికి పెనం అడుగు కాస్త ఉబ్బి, పల్చటి పొర అందువల్లే తెగిందేమోనన్న అనుమానమూ ఉంది. దాన్ని విడదీసి చూసే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పండి.