ఫాల్, డిసెండ్, ప్లంజ్, ప్లమెట్: ఏది ఎక్కడ రాయాలి?

ప్రశ్న

నమస్కారం. నేను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తుంటాను. ఈ మధ్య ఒక వ్యాసంలో "విమానం పదివేల అడుగుల ఎత్తుకు దిగింది" అన్న వాక్యాన్ని 'ద ప్లేన్ ఫెల్ టు టెన్ థౌజండ్ ఫీట్' అని రాశాను. సరిచూసిన సంపాదకురాలు 'ఫెల్' చుట్టూ సున్నా చుట్టి, "ఇది ప్రమాద వార్తా?" అని పక్కన రాసి పంపారు. అక్కడ 'డిసెండెడ్' ఉండాలని అప్పుడు అర్థమైంది. మిగతా అనువాదమంతా మళ్ళీ చూసుకుంటే ధరలకూ, ఉష్ణోగ్రతలకూ, కొండ మీది నుంచి దొర్లిన రాయికీ, నదిలోకి దూకిన ఈతగాడికీ 'ఫాల్', 'డ్రాప్' అన్న రెండు మాటలనే తిప్పి తిప్పి వాడినట్టు తేలింది. నిఘంటువు చూస్తే ప్లంజ్‌కూ ప్లమెట్‌కూ "వేగంగా పడు" అన్న ఒకే అర్థం ఇస్తోంది. ఈ మాటల మధ్య తేడాను ఎలా పట్టుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1

మీరు చేసిన పొరపాటుకు మూలం తెలుగులోనే ఉందని నా అభిప్రాయం. మన భాషలో పడే వస్తువును బట్టి క్రియ మారుతుంది: ఆకు రాలుతుంది, పన్ను ఊడుతుంది, గోడ కూలుతుంది, వాన కురుస్తుంది, నేల కుంగుతుంది, పిట్ట కొమ్మ మీద వాలుతుంది. వీటిలో మొదటి నాలుగింటికీ ఇంగ్లీషులో 'ఫాల్', లేదా దానికి ఒక చిన్న మాట తగిలించిన రూపం చాలు. ఇంగ్లీషు, పడినది ఏమిటన్న దానికన్నా ఎలా పడింది, పడడం దాని అదుపులో ఉందా లేదా అన్నది ఎక్కువగా పట్టించుకుంటుంది. అందువల్ల తెలుగు క్రియకు సరిపోయే ఇంగ్లీషు క్రియ ఏదని వెతికే ముందు, పడేదానికి తన కదలిక మీద పట్టు ఉందా అని అడిగి చూడండి.

'డిసెండ్' అన్నది లాటిన్‌లో 'కిందికి' అనే 'డే', 'ఎక్కు' అనే 'స్కాందెరె' కలిసిన మాట. ఎక్కేవాడు అడుగు చూసుకుని ఎక్కినట్టే చూసుకుని దిగడం అందులో ఉంది. మెట్లు దిగేవాడు, గనిలోకి దిగే కార్మికుడు, నేలకు దిగే విమానం, అన్నిటికీ అది సరిపోతుంది. 2012 అక్టోబరు 14న ఆస్ట్రియాకు చెందిన స్కైడైవర్ ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకినప్పుడు, మొదటి నాలుగు నిమిషాలకు పైగా సాగినది 'ఫ్రీ ఫాల్'. ఆ సమయంలో ఆయన వేగం ధ్వని వేగాన్ని దాటింది. పారాచూట్ విచ్చుకున్న తరువాత నేలను తాకేదాకా సాగినది 'డిసెంట్'. మనిషి ఒకడే, ఆకాశం ఒకటే, దిశ కూడా ఒకటే. తలపై గొడుగు విచ్చుకున్న క్షణంలో మాట మారిపోయింది. మీ సంపాదకురాలు మీ విమానం విషయంలో అడిగింది ఆ గొడుగు గురించే.

సమాధానం 2

ప్లంజ్, ప్లమెట్ రెండూ ఒకే లోహం నుంచి పుట్టాయి. లాటిన్‌లో 'ప్లుంబుమ్' అంటే సీసం. రసాయనశాస్త్రంలో సీసానికి 'పీబీ' అన్న గుర్తు అందులోంచే వచ్చింది, సీసపు గొట్టాలు బిగించేవాడు 'ప్లంబర్' అయ్యాడు. 'ప్లమెట్' అంటే మొదట క్రియ కాదు, నామవాచకం. గోడ నిలువుగా లేస్తోందో లేదో చూడడానికి మేస్త్రి దారానికి కట్టి వేలాడదీసే గుండు, ఓడలో లోతు చూడడానికి తాడు కొసన కట్టి సముద్రంలోకి వదిలే సీసపు ముద్ద, రెండింటికీ అదే పేరు. నీటికన్నా పదకొండు రెట్లకు పైగా సాంద్రత గల ఆ ముద్ద చేయి వదలగానే అటూ ఇటూ తొణకకుండా సూటిగా అడుక్కు పోతుంది. ప్లమెట్ అన్న క్రియలో ఇప్పటికీ కనిపించేది ఆ దృశ్యమే: నిట్టనిలువుగా, వేగంగా, ఆపే శక్తి లేకుండా పడడం.

ప్లంజ్‌లో మాత్రం ఒక చోటులోకి పోవడం ముఖ్యం. నీటిలోకి, చీకటిలోకి, అప్పుల్లోకి, యుద్ధంలోకి ప్లంజ్ అవుతారు; అది ఇష్టపడి దూకడమైనా కావచ్చు, తూలి పడడమైనా కావచ్చు. పైగా ప్లంజ్‌కు కర్మ ఉండవచ్చు: కాలిన ఇనుమును నీటిలో 'ప్లంజ్' చేయవచ్చు గాని, రాయిని 'ప్లమెట్' చేయలేరు, రాయి తానే ప్లమెట్ అవుతుంది. వీటి పక్కన 'డైవ్'ను కూడా పెట్టుకుంటే తేడా ఇంకా తేటపడుతుంది. ఎలుకను చూసి రెక్కలు ముడిచి దూసుకువచ్చే గద్దది 'డైవ్'. రెక్క విరిగి ఆకాశంలోంచి రాలిపోయే గద్ద 'ప్లమెట్' అవుతుంది. మీ ఈతగాడికి ప్లంజ్ గాని డైవ్ గాని రాయండి, ప్లమెట్ వద్దు. రాస్తే పాఠకుడు అతని శవం కోసం చూస్తాడు.

సమాధానం 3

పై ఇద్దరూ చెప్పినదానికి ధరల సంగతి ఒకటి చేరుస్తాను, ఎందుకంటే అనువాదకులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ధరలు 'డిసెండ్' కావు. అవి ఫాల్, డ్రాప్, స్లంప్, ప్లంజ్, ప్లమెట్ అవుతాయి. తగ్గి వెంటనే కోలుకుంటే 'డిప్', తగ్గి చాలాకాలం అలాగే పడివుంటే 'స్లంప్'. ఒకటి రెండు శాతం తగ్గుదలకు ప్లమెట్ రాసే పత్రికలు ఉన్నాయి, కాని ఆ అలవాటు మంచిది కాదు. 1987 అక్టోబరు 19న అమెరికా స్టాక్ మార్కెట్‌లో డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులోనే 22.6 శాతం పడిపోయింది; ప్లమెట్ అన్న మాటను అటువంటి రోజుకోసం దాచుకోవాలి. ఇక 'ఫెల్ బై టెన్' అంటే పది మేర తగ్గింది, 'ఫెల్ టు టెన్' అంటే తగ్గి పది దగ్గర ఆగింది. తెలుగులో "పది శాతం పడింది", "పది శాతానికి పడింది" అన్నవాటి మధ్య ఉన్న తేడా అదే, అయినా తొందరలో ఇవి తారుమారు కావడం ఎన్నోసార్లు చూశాను.

మరొకటి. 'ఫెల్' అన్న రూపం చూడగానే అది 'ఫాల్'కు భూతకాలమని అనుకోకండి. చెట్టును నరికి పడగొట్టడాన్ని కూడా 'ఫెల్' అంటారు, దానికి భూతకాలం 'ఫెల్డ్'. మనకు పడు, పడగొట్టు; కూలు, కూల్చు; రాలు, రాల్చు ఉన్నట్టే పాత ఇంగ్లీషులోనూ అటువంటి జంటలు ఉండేవి, వాటిలో ఇప్పటికీ మిగిలిన జంటల్లో ఇది ఒకటి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈతగాడికి ప్లంజ్ రాసి, కొండ మీది రాయికి 'టంబుల్' పెట్టాను, ఎందుకంటే మూలంలో అది దొర్లుకుంటూ వచ్చింది. అదే వ్యాసం చివర "పొద్దు వాలింది, చీకటి పడింది, ఊరంతా నిశ్శబ్దం ఆవరించింది" అని ఉంది. మూడింటికీ 'ఫెల్' రాయడం నాకే నచ్చడం లేదు.

సమాధానం 1 రాసినవారు

చీకటి దగ్గర మీకు అదృష్టం కలిసివచ్చింది. 'నైట్ ఫెల్', 'డార్క్‌నెస్ ఫెల్' అన్నవి మన "చీకటి పడింది"కి అచ్చంగా సరిపోతాయి. నిశ్శబ్దానికి 'ఫెల్' కూడా చెల్లుతుంది, కాని అప్పుడు మాటలు ఒక్కసారిగా ఆగిపోయినట్టు వినిపిస్తుంది. మీ వాక్యంలో ఉన్నది ఆవరించడం, అంటే పైనుంచి మెల్లగా దిగి అంతటినీ కప్పడం. కాబట్టి అక్కడ 'డిసెండెడ్' రాయండి. విమానం దగ్గర అదుపును చూపిన మాట ఇక్కడ నెమ్మదిని చూపుతుంది. పొద్దుకు మాత్రం ఫాల్ పనికిరాదు, సూర్యుడు ఊడిపడినట్టు ఉంటుంది. 'ద సన్ సాంక్' అనండి. సింక్ అంటే మునగడం కనుక, వాలడంలోని మెల్లదనం కొంత పోయినా, అంచు దాటి కనుమరుగయ్యే దృశ్యం నిలుస్తుంది.