వేరే సంస్కృతికి చెందిన స్నేహితురాలిని నొప్పించకుండా ఎలా అడగాలి?

నాతో పనిచేసే స్నేహితురాలిది వేరే దేశం, వేరే మతం, వేరే భాష. పెద్దలతో విభేదించడానికి, దుఃఖంలో ఉన్నవారిని పలకరించడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే లేదని ఆమెను చూశాకే అర్థమైంది. ఆమె వల్ల నా రోజులు విశాలమయ్యాయి.

సమూహాల మధ్య అపోహలు తగ్గాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, సంస్థల మద్దతు ఉండాలని 1954లో మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ అన్నారు. స్నేహానికి అవకాశమూ ఉండాలని 1998లో మరో మనస్తత్వవేత్త థామస్ పెటిగ్రూ చేర్చారు. మా ఆఫీసులో మొదటి నాలుగూ ఉన్నాయి. ఐదోదాని దగ్గరే నాకు సాయం కావాలి.

ఆమె నమ్మకాల గురించి, పెరిగిన తీరు గురించి తెలుసుకోవాలని ఎంతో ఉంది. కానీ ప్రతి ప్రశ్నతో ఆమెను తన సమాజం మొత్తానికీ ప్రతినిధిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అసలు అడగకపోతే పైపై మాటల దగ్గరే ఆగిపోతాం, అదీ నష్టమే.

ఇలాంటి స్నేహాలను ఏళ్ల తరబడి నిలుపుకున్నవారు చెప్పండి: మతం, కుటుంబం వంటి విషయాలు మీ మధ్య మొదట ఎలా వచ్చాయి? ఆమె తనంతట తాను చెప్పేవరకు ఆగాలా, ముందు నా గురించి నేనే చెప్పాలా? ముఖ్యంగా, ఇలాంటి ప్రశ్నలను తరచూ ఎదుర్కొనేవారు, మీకు ఏ ప్రశ్న సంతోషాన్నిచ్చిందో, ఏది నొప్పించిందో రాయగలరా?