గవర్నెన్స్‌కి ‘పాలన’ సరిపోతుందా?

ప్రశ్న: వాతావరణ మార్పు మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. ‘సిటీ నెట్‌వర్క్స్’ ఎలాగో దాటేశాను గానీ ‘గవర్నెన్స్’ దగ్గర కలం ఆగింది. పాలన అంటే పైన ఏలేవాడొకడు ఉండాలి కదండీ? ఈ నగరాల నెట్‌వర్క్‌లకు ఏలిక ఎవరూ లేరు. 2005లో లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ 18 మహానగరాల వాళ్లను పిలిచి కూర్చోబెడితే, వాతావరణ మార్పు మీద కలిసి పనిచేసే నగరాల నెట్‌వర్క్ ‘సీ40’ మొదలైంది. (ఇప్పుడు నూటికి దగ్గరపడ్డాయి, పేరు మాత్రం నలభై దాటలేదు.) అందులో ఏ నగరమూ ఇంకో నగరాన్ని శాసించలేదు. ‘నిర్వహణ’ అందామా అంటే చప్పగా ఉంది.

– ‘ఏలుబడి’ అనండి. ఏలిక లేని ఏలుబడి!

– నవ్వులాటకు బాగుంది గానీ, ‘పాలన’నే ఉంచండి. ఆ మాటకు ఏలడం ఒక్కటే అర్థం కాదు. పితృవాక్య పరిపాలనలో రాముడు ఎవర్ని ఏలాడు? ఇచ్చిన మాట నిలబెట్టాడు. నియమపాలన, ఆజ్ఞాపాలన కూడా అంతే. ఈ నగరాలు చేసే పని సరిగ్గా అదే. ఎవరూ బలవంతపెట్టకుండా ఫలానా సంవత్సరానికి ఉద్గారాలు ఇంత తగ్గిస్తామని మాటిస్తాయి. అందరూ ఒకే పద్ధతిలో లెక్క కట్టేందుకు 2014లో ఒక కొలమానం కూడా తయారైంది. లెక్క బయటపెట్టాక పక్క నగరం చూస్తుంది. భయం ఉంటే ఆ చూపుకే. 2015 పారిస్ వాతావరణ ఒప్పందంలో పక్షాలు దేశాలే, నగరాలు కావు. అయినా 2017 జూన్‌లో అమెరికా తప్పుకుంటానని ప్రకటించగానే అక్కడి మేయర్లు వందలమంది ఆ లక్ష్యాలకు తాము కట్టుబడే ఉంటామన్నారు. సంతకం వాళ్లది కాదు, పాలన వాళ్లది.

ఇక నెట్‌వర్క్‌ని ‘జాలం’ చేయకండి. అంతర్జాలంలో చెల్లింది గానీ, ‘నగరజాలం’ అనగానే నాకు ఇంద్రజాలమే వినిపిస్తుంది. ‘సమాఖ్య’ అంటే పైన కేంద్రం ఉందనిపిస్తుంది. ‘కూటమి’ నయం.

– ‘పొత్తు’ ఏం పాపం చేసింది? ఎన్నికలవాళ్లు ఎత్తుకుపోయారు గానీ, కలిసి పంచుకోవడమే దాని అసలు అర్థం.

– మాస్టారూ, మాట నిలుపుకోవడం సరే. బస్సులు, చెత్త, కట్టడాల నియమాలు చాలాచోట్ల నగరం చేతిలో ఉంటాయి. కరెంటు బొగ్గుతో తీయాలా, గాలితోనా అన్నది చాలావరకు పైప్రభుత్వం తేలుస్తుంది. తన చేతిలో లేనిదానికి మాటిస్తే అది పాలనా, ప్రగల్భమా?

– అందుకే ఆ కూటములు దేశప్రభుత్వాల గుమ్మం దగ్గర అంతసేపు నిలబడతాయి. ఆ పనికి తెలుగుమాట ఉందిగా: ‘ఒత్తిడి’.

ప్రశ్న అడిగినవారు: ‘పాలన’ ఉంచేశాను. మొదటిసారి వచ్చినచోట ‘మాటపాలన అనే అర్థంలో’ అని చిన్న వివరణ పెట్టాను. ‘పొత్తు’ పెట్టాలని ఉంది, సంపాదకుడు ఒప్పుకోవాలి.