అప్‌డేట్: కుక్క ఫొటోల మీద తెలుగు కవితలు, వత్తులు విడిపోయే సమస్య తీరింది

మా నల్ల కుక్క ఫొటోలకు రెండేసి లైన్ల కవితలు జోడించి క్యాలెండర్ వేస్తుంటే ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతున్నాయని, వాడి మొహం బొగ్గుముద్దలా వస్తోందని అడిగాను కదా. రెండూ తేలిపోయాయి. సాయపడ్డ అందరికీ థ్యాంక్స్.

పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'వరల్డ్ రెడీ లేఅవుట్' (తెలుగు లాంటి లిపుల్ని సరిగ్గా పేర్చే సెట్టింగ్) పెట్టమన్న సలహాయే పనిచేసింది. అంతకుముందు 'బిస్కెట్టు'లో ట కింద వత్తు పక్కకు జారి, పైన పొల్లు కనిపించేది. ఇప్పుడు బుద్ధిగా కింద కూర్చుంది. ఫాంట్ మార్చాల్సిన పనే పడలేదు, మండలి ఫాంటే ఉంచేశాను. ప్రెస్‌కు పంపేముందు మాత్రం అక్షరాల లేయర్‌ను షేప్‌గా (అంటే గీతల బొమ్మగా) మార్చండి. అక్కడ ఆ ఫాంట్ లేకపోయినా ఇబ్బంది ఉండదు.

ఫొటోకి కొత్త కెమెరా అక్కర్లేదు. వాడి వెనక ఎండపడే వాకిలి లేకుండా, వరండా నీడలో కూర్చోబెట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) కాస్త పెంచితే మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆటవెలదిలో రాయమన్నవాళ్లు క్షమించాలి, గణాలు కుదిరేసరికి వాడు లేచిపోతున్నాడు! జనవరి పేజీకి ఇది ఖాయం:

స్నానమంటే మంచం కిందకు పరుగు,
బిస్కెట్టంటే మంచం మీదకు ఉరుకు!