నాలుగు మీటర్ల గీత ఉండాలా, పోవాలా?

డిక్కీ ప్రియుడు:
తెలియని వాళ్ల కోసం ముందు రూల్ చెప్తా. కారు పొడవు 4 మీటర్లు దాటకూడదు, ఇంజిన్ పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉండాలి. అప్పుడే అది చిన్న కారు, పన్ను తక్కువ. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం పెట్టిన గీత ఇది, అప్పట్లో ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కి దించారు. సుంకం పోయి జీఎస్‌టీ వచ్చింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి శ్లాబులు కూడా మారి చిన్న కార్లకి 18, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకి 40 అయింది, కానీ గీత మాత్రం అక్కడే ఉంది.

నన్నడిగితే మన సెడాన్లని, అంటే వెనక విడిగా డిక్కీ ఉండే కార్లని, నాశనం చేసింది ఇదే. 2008లో మారుతి డిజైర్ వచ్చినప్పుడు పొడవు 4160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. 2012లో పన్ను కోసం వెనక భాగం కోసేసి 3995కి తెచ్చారు, డిక్కీ 316 లీటర్లు అయింది. సెడాన్ కొనేదే డిక్కీ కోసం కదా! ఫోక్స్‌వాగన్ వాళ్లు 2016లో పోలోకి పొట్టి డిక్కీ అతికించి ఏమియో అని మన దేశం కోసమే తెచ్చారు, 2020కల్లా మూసేశారు. ఆ బండిని పక్క నుంచి చూసినప్పుడల్లా నాకు బాధే.

హైవే 44:
అన్నా, అందం సంగతి ఒప్పుకుంటా. జేబు సంగతి చూడు. పన్నుకి ముందు 8 లక్షలు ఉన్న కారు 18 శాతంతో 9.44 లక్షలు, అదే 40 శాతంతో 11.20 లక్షలు. లక్షా 76 వేలు తేడా, దాని మీద మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. మా వైపు క్యాబ్ తిప్పుకునే వాళ్లంతా డిజైర్ ఎందుకు కొన్నారు? ఆ ధరకి నాలుగు తలుపులు, విడిగా డిక్కీ ఉన్న బండి దొరికింది కాబట్టి.

డిక్కీ ప్రియుడు:
నేననేదీ అదే తమ్ముడూ. 3995 ఉంటే 18, ఇంకో పది మిల్లీమీటర్లు పెరిగితే 40. మధ్యలో ఏమీ ఉండదా?

సందుగొందుల డ్రైవర్:
పొడవు కొలిచి వెడల్పు వదిలేశారు, అసలు తప్పు అక్కడుంది. నెక్సాన్ 1.8 మీటర్ల వెడల్పు, ఆల్టో కె10 ఒకటిన్నర కన్నా తక్కువ, చట్టం దృష్టిలో రెండూ చిన్న కార్లే. విజయవాడ వన్‌టౌన్ సందుల్లోకి వచ్చి చూడండి, ఎదురుగా ఆటో వస్తే పొడవు ఎవడికి కావాలి, అద్దాలు మడుచుకునేది వెడల్పు వల్లే. జపాన్‌లో కే కార్లు అనే చిన్న కార్ల తరగతికి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48, ఇంజిన్ 660 సీసీ అని అన్నీ బిగించారు, అందుకే అక్కడ చిన్న కారు నిజంగా చిన్నగానే ఉంటుంది. మనవాళ్లు ఒక వైపు గీత గీసి వదిలేస్తే కంపెనీలు మిగతా వైపులకి పెంచుకుంటూ పోయాయి. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ అయితే ఇంకా గడుసు, స్టెప్నీని వెనక తలుపుకి తగిలించింది, అది కొలతలోకి రాదు మరి.

మూడు సిలిండర్లు:
పొడవు కాదు బాబూ, ఆ 1200 సీసీనే నాకు మంట. చాలా కంపెనీలు 1.0, 1.2 లీటర్ టర్బో మూడు సిలిండర్ల ఇంజిన్లకే వెళ్లాయి. టర్బో అందుకునేదాకా బలం రాదు, ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఏడుపే. బ్రెజా కథ ఇంకా తమాషా. 2016లో 1.3 డీజిల్‌తో వచ్చింది కాబట్టి పొడవు 3995 పెట్టారు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వస్తున్నాయని మారుతి డీజిల్ ఆపేసి 1.5 పెట్రోల్ వేసింది. ఇప్పుడు పొట్టిగానే ఉంది, పన్నేమో పెద్ద కారుది.

హైవే 44:
అయినా జనం కొంటూనే ఉన్నారుగా. మా పెనుకొండ కియా ప్లాంట్‌లో 3995 సోనెట్, దాని పక్కనే 4.3 మీటర్లు దాటిన సెల్టోస్ రెండూ తయారవుతాయి. కావలసిన వాడు పన్ను కట్టి పెద్దది కొంటాడు, లేనివాడికి చిన్నది ఉంది. గీత చెరిపేస్తే ప్రభుత్వం అన్నిటికీ 18 వేస్తుందని కల కంటున్నారా? చిన్నవాటికి కూడా పెంచుతుంది.

బ్యాటరీ బాబు:
ఈవీలకి, అంటే ఎలక్ట్రిక్ బండ్లకి, ఈ గొడవే లేదు. ఎంత పొడవున్నా 5 శాతమే.

మూడు సిలిండర్లు:
వచ్చాడండీ.

సందుగొందుల డ్రైవర్:
బ్యాటరీ బాబు నవ్వులకి అన్నా పాయింట్ ఉంది. కోటి రూపాయల ఎలక్ట్రిక్ బండికి 5, పది లక్షల బ్రెజాకి 40. పొగ రాదు సరే, రోడ్డు మీద, పార్కింగ్‌లో చోటు తినదా? బరువు, వెడల్పు లెక్కలోకి తీసుకుని మెట్లు మెట్లుగా పన్ను వేస్తే బాగుంటుంది.

హైవే 44:
బరువు మీద వేస్తే కంపెనీలు ముందు రేకు పల్చన చేస్తాయి. ఇప్పుడిప్పుడే క్రాష్ టెస్టుల్లో స్టార్లు వస్తున్నాయి, 2024లో డిజైర్‌కి కూడా ఐదొచ్చాయి, అది పాడుచేయకండి. డిక్కీ అన్నా, ఒక్కటి చెప్పు. వెర్నా, వర్టస్ లాంటి పొడుగు సెడాన్లు షోరూముల్లో ఉన్నాయి కదా, 40 శాతం కట్టి ఎందుకు కొనలేదు?

డిక్కీ ప్రియుడు:
డబ్బుల్లేక. సెకండ్ హ్యాండ్‌లో సియాజ్ వెతుకుతున్నా, 510 లీటర్ల డిక్కీ. 1.5 పెట్రోల్ మాన్యువల్, 2019 మోడల్ అయినా పర్లేదు, గుంటూరు చుట్టుపక్కల ఎవరైనా అమ్ముతుంటే మెసేజ్ పెట్టండి.